నవాబు గారి తలంటు

ఖిదిర్‌పూర్ షేర్ ఆటో స్టాండులో నా వంతు వచ్చింది. వెనక ముగ్గురు ఎక్కి కూర్చున్నారు. నా పక్క సీటు ఒక్కటీ నిండితే బండి మెటియాబ్రుజ్ వైపు కదులుతుంది. సరిగ్గా అప్పుడే వచ్చింది విజయ కుమారి, పార్లర్ యాప్రాన్ విప్పకుండా, చెప్పుల్లో కాళ్లు సరిగ్గా దూర్చకుండా.

ఎక్కుతుందనుకుని పక్కకి జరిగాను. ఆశ అలాంటిది. మా లైన్లో ఆడపిల్లలు డ్రైవరు పక్కన కూర్చోరు, విజ్జి అయితే అసలే కూర్చోదు. బండి పక్కకి వచ్చి, నా మోకాలి మీదుగా చెయ్యి పోనిచ్చి, తాళం తిప్పి ఇంజను ఆపేసింది.

"నిజం చెప్పు జీవా. నవాబ్ మీద నీళ్లు పోసినావా, నేదా?"

వెనకున్న ముగ్గురూ బెంగాలీలు, తెలుగు రాదు. అయినా ముగ్గురూ నా వంక అసహ్యంగా చూశారు. ఆ గొంతు ఏ భాషలో విన్నా నేరం రుజువైపోయినట్టే ఉంటుంది.

"ఏటి నీళ్లు? నానెందుకు పోస్తాను?"

"చెంబుడు నీళ్లు పోస్తే ఎలకో కాదో తేలిపోద్దని అన్నది నువ్వు కాదేటి? గుడి దగ్గర అందరి ముందూ అన్నావు."

అన్నాను. కిందటి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి కాంపౌండులో టీలు తాగుతుంటే విజ్జి ఆ జంతువు గొప్పలు మొదలుపెట్టింది. దానికి నీళ్లు పడవట, మట్టిలో పొర్లి స్నానం చేస్తుందట, దాని బొచ్చు ముందు పట్టు కూడా గరుకేనట. వినీ వినీ నోరాగక ఆ మాట అన్నాను. అందరూ నవ్వారు. మనిషి సరదాకి ఒక్క మాట అంటే చాలు, ఆ తర్వాత ఊళ్లో ఎక్కడ ఏ దొంగతనం జరిగినా ఆ నోటి దగ్గరికే వస్తారు.

పైగా ఆ శనివారం మధ్యాహ్నమే వాళ్లింట్లో సున్నం బస్తా దింపింది కూడా నేనే. క్రిస్మస్‌కి గోడలకి వెల్ల వేయించుకుంటున్నారు, తెచ్చిపెట్టమని విజ్జి మామ్మ అచ్చమ్మ అడిగింది. ఇంక సాక్ష్యం ఏం కావాలి.

నవాబ్ అంటే ఎవరో చెప్పాలి. చించిల్లా. అంతకుముందు ఆ పేరు నేనూ వినలేదు. కుందేలు చెవులు, ఉడత తోక, ఎలుక మీసాలు, దేవుడి దగ్గర మిగిలిపోయిన ముక్కలన్నీ కలిపి కుట్టినట్టుంటుంది. బొచ్చు మాత్రం చలికాలం పొద్దున్న గంగ మీద లేచే పొగమంచు రంగు. ఎక్కడో చలికొండల్లో పుట్టే జాతట. మనకి ఒక్కో రంధ్రంలో ఒక్కో వెంట్రుక మొలిస్తే దానికి గుత్తులు గుత్తులుగా మొలుస్తాయట. శేఖర్ గారు చెప్పారట.

ఆ రోజుల్లో విజ్జి ఏ మాట చెప్పినా చివర ఆ ముద్ర ఉండేది. వాన వస్తుంది, శేఖర్ గారు చెప్పారు. టీలో చక్కెర తగ్గించాలి, శేఖర్ గారు చెప్పారు. నా పక్కింట్లో పుట్టి, నాతో పాటు ఆదివారం బడిలో వాక్యాలు వల్లించిన పిల్ల. నన్ను మాత్రం ఒరే అనకుండా ఉంటే అదే గొప్ప.

ఆ సోమశేఖర్ సికింద్రాబాద్ వాడు. రేవు ఆఫీసులో కంప్యూటర్లు బిగించే కంపెనీ పని మీద వానాకాలంలో దిగాడు. మా వాట్‌గంజ్ సందులో, అచ్చమ్మ వాళ్ల వాటా పైన గది తీసుకున్నాడు. ఇస్త్రీ మడత నలగదు. సెంటు వాసన మెట్ల మీద పొద్దుటిది సాయంత్రం దాకా ఉంటుంది. చర్చిలో ముందు వరుసలో కూర్చుంటాడు, పాట పుస్తకం చూడకుండా పాడతాడు. ఎనిమిదో క్లాసు మధ్యలో బడి వదిలేసి ఆటో తోలుకునే నాబోటివాడికి ఇలాంటివాణ్ణి చూస్తే ఎలా ఉంటుందో చెప్పాలా. కనీసం చెడ్డవాడైనా కాడు. అదింకా మంట.

చెల్లెలి పెళ్లికి ఊరెళుతూ ఆ నవాబుని విజ్జికి అప్పగించి వెళ్లాడు. గురువారం, క్రిస్మస్ ముందు రోజున వస్తాడు. వాళ్లమ్మని కూడా తీసుకొస్తున్నాడని సందంతా తెలిసింది. పెళ్లికాని వాడు, పెళ్లికాని పిల్ల ఉన్న ఇంటికి తల్లిని వెంటబెట్టుకొస్తే దానర్థం ఏమిటో సందులో పిల్లులకి కూడా తెలుసు.

వెనక ముగ్గుర్నీ దించి తర్వాతి బండి ఎక్కమన్నాను. ఎర్రజెండా కింద కుర్చీ వేసుకుని వంతులు చూసే యూనియన్ నాయకుడు మొంటూ దా, అంటే మొంటూ అన్న, లైన్ తప్పితే సాయంత్రం దాకా వంతు ఉండదని కేకేశాడు. విజ్జి వెనక సీట్లో కూర్చుంది. దారంతా అద్దంలో చూశాను. బయటికి చూస్తూ యాప్రాన్ అంచుతో కళ్లు తుడుచుకుంటోంది. నాకు జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు బత్తాయిలు తెచ్చింది గాని, కన్నీళ్లు తేలేదు.

వాళ్లింట్లో, బోనులో నవాబ్ మూలకి నక్కి ఉన్నాడు. పొగమంచు లేదు, ఏమీ లేదు. వీపు మీద బొచ్చంతా పీచుల్లా అంటుకుపోయి, పొట్ట కింద ఉండలు కట్టి, తడిసిన దూదివత్తులు ఎవరో అతికించినట్టున్నాడు. జాలేసింది. ఆ సంగతి పైకి తేలనివ్వలేదు.

"ఇది ఇలాగే ఉంటే తడి లోపల నిలిచిపోయి తోలు పాడైపోద్ది," అంది విజ్జి. "ఇది పొర్లే మట్టి డబ్బా కూడా కనపడ్డం నేదు. పైన సూసొస్తాను."

ఆమె మేడ ఎక్కింది. నేను బోను మీదికి వంగాను. అప్పుడు తగిలింది వాసన. నువ్వులనూనె, దాని వెనకే కుంకుడుకాయ. నా చిన్నతనంలో ప్రతి శనివారం నా కళ్లు మండించిన వాసన.

తల తిప్పి చూస్తే వంటగది గుమ్మంలో అచ్చమ్మ. చీర కొంగు వేలికి చుట్టి విప్పుతోంది. ఆవిడ వెనక గోడకి బోర్లించిన గిన్నెలన్నీ కొత్తగా కొన్నట్టు మెరిసిపోతున్నాయి.

"మామ్మా," అన్నాను, "ఆ డబ్బాలో పొడి?"

"గిన్నెలు తోమేదనుకున్నాన్రా బాబూ. సానా బాగా తోమింది."

"నూనె?"

అప్పుడు చెప్పింది, గొంతు తగ్గించి, మేడమెట్ల వైపు చూస్తూ. "శనివారం పూట ఇంట్లో అందరం తలంటుకుని ఆదివారం గుడికెల్తాం. ఇదొక్కటీ ఏం పాపం సేసింది? జిడ్డోడిపోతా ఉంది. లచ్చివారం నాడు ఆ తల్లి వత్తంది, మన పిల్లని సూడ్డానికే వత్తంది. వోల్ల జంతువునే సుబ్బరంగా ఉంచనేనిది, వోల్ల పిల్లోణ్ణేటి సూసుకుంటాదనుకోదా? అందుకని నూనె రాసి, కుంకుడు రసం పోసినాను. కిక్కురుమనలేదురా. విజ్జి సిన్నప్పుడు సందంతా లేచేలాగ ఏడ్సేది. ఇది మాత్రం అలా సూత్తా కూకుంది."

భయంతో బిగుసుకుపోయి ఉంటుందని చెప్పలేకపోయాను.

"దానికి సెప్పకురా. నా సేత్తో ఈ పెల్లి సెడిపోయిందన్న మాట నాకొద్దు."

పెళ్లి చెడిపోవడం. ఆ మాట చెవిలో పంచదార పోసినట్టుంది. విజ్జి మెట్లు దిగుతున్న చప్పుడు వినపడుతోంది. ఒక్క మాట చెబితే చాలు, నా మీద నింద పోతుంది. కానీ అచ్చమ్మ చేతులు ఇంకా కొంగు చుట్టి విప్పుతూనే ఉన్నాయి. తల్లీ తండ్రీ లేని పిల్లని ఆ చేతులతోనే పెంచింది, పోర్టు వాళ్ల క్వార్టర్లలో అంట్లు తోమి.

"దొరకనేదు," అంది విజ్జి గుమ్మంలో నిలబడి. "జీవా, ఆఖరిసారి అడుగుతున్నాను."

"నానే పోసినాను," అన్నాను.

"ఎందుకు?"

"కుళ్లు."

ఆ సంభాషణ మొత్తంలో అబద్ధం కానిది ఆ ఒక్క మాటే.

విజ్జి వచ్చి బోను గడియ వేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "అయితే నువ్వే బాగు సెయ్యి," అంది చివరికి. "లచ్చివారానికల్లా అది మామూలుగా అవ్వాలి. ఆ తరవాత నా మొకం సూడకు."

సైబర్ కేఫ్‌లో కూర్చుని ఆమె చదివి, నాకు చెప్పింది. మళ్లీ నీళ్లు తగలనివ్వకూడదు. కత్తెర పెట్టకూడదు, తోలు తెగుతుంది. మొక్కజొన్న పిండి చల్లి నూనె పీల్చుకోనిచ్చి, ఒక్కో ఉండనీ వేళ్లతో విడదీసి, సన్నపళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుకి రావాలి. చివర మెత్తటి మట్టిలో పొర్లనివ్వాలి. మట్టికి ఇబ్బంది లేదు. పార్లర్‌లో ముఖాలకి పూసే ముల్తానీ మట్టి ఉంది, సెంటు కలపనిది. దువ్వెన నేను తెచ్చాను, పేలదువ్వెన, కొత్తది. శేఖర్ గారు ఏది చెప్పారో, ఏది కంప్యూటర్ చెప్పిందో ఆ రోజు విజ్జి విడదీసి చెప్పలేదు. నాకు రెండూ ఒకటే మంట.

ఇంట్లో కుదర్లేదు. గోడలకి పచ్చి సున్నం, గదంతా చెమ్మ. పొడిగా ఉన్న చోటు నా ఆటో ఒక్కటే. మధ్యాహ్నం విజ్జికి భోజనం సెలవు దొరికినప్పుడు, స్టాండు పక్కన మూతపడ్డ గోడౌను చూరు కింద బండి పెట్టేవాణ్ణి.

మొదటిరోజు నవాబ్‌ని విజ్జి పట్టుకుంది. పట్టుకోవడం కాస్త గట్టిగా పట్టుకుంది. వాడు ఒక్క గెంతు గెంతాడు, విజ్జి అరచేతిలో రూపాయి బిళ్లంత బొచ్చు మిగిలిపోయింది. వాడి పక్కటెముక దగ్గర గులాబీ రంగు తోలు కనపడుతోంది. భయపెడితే ఈ జాతి బొచ్చు విడిచేసి పారిపోతుందట. విజ్జి ఆ బొచ్చు వైపు, నా వైపు చూసింది. ఆమె ముఖంలో రంగు లేదు.

నవాబ్ సీటు కిందికి దూరాడు. పిలిస్తే రాలేదు, కిస్‌మిస్ పెడితే రాలేదు. ఎలాగూ వంతు పోయింది, బ్యాటరీ అయినా బతుకుతుందని నేను ఇంజను వేశాను. అంతే. వాడు సీటు కింద నుంచి మీసాలు బయటపెట్టి, నా ప్యాంటు పట్టుకుని పాకి, స్వెట్టర్ గుండీల మధ్య నుంచి లోపలికి దూరిపోయాడు. ఇంజను గురగురకి నా ఛాతీ అదురుతుంటే, ఆ అదురుకి వాడు నిద్రపోయాడు.

"వీడికి నువ్వెందుకు నచ్చినావో," అంది విజ్జి.

"నాకూ తెలీదు. ఒకడికైనా నచ్చినాను."

ఆ తర్వాత పద్ధతి కుదిరింది. నేను వెనక సీట్లో స్వెట్టర్ గుండీలు రెండు విప్పి కూర్చోవాలి. వాడి వీపు మాత్రం బయటికి ఉంచాలి. విజ్జి ఎదురుగా మోకాళ్ల మీద వంగి, పిండి చల్లి, ఒక్కో పీచూ విడదీయాలి. అంటే ఆమె తల నా గడ్డం కింద. ఆమె వేళ్లు నా గుండెకి జానెడు దూరంలో. ఊపిరి గట్టిగా వదిలితే వాడు లేస్తాడని బిగబట్టి కూర్చునేవాణ్ణి. నా పదేళ్ల ప్రార్థన దేవుడు విన్నాడు గాని, మధ్యలో ఒక ఎలుకని పెట్టి విన్నాడు.

ఆ వేళ్లు ఎంత నెమ్మదిగా కదిలేవంటే చూస్తే ఒళ్లు మండిపోయేది. ఒక్క ఉండ విడదీయడానికి ఒక పాటంత సేపు. విడిపోయాక దాని మీద ఉఫ్‌మని ఊదేది. నాకు రోడ్డు మీద మోకాలు చిట్లినప్పుడు అయోడిన్ సీసా విసిరి పోసుకోమన్న పిల్ల ఈమే.

మొంటూ దా ఒకసారి వచ్చి లోపలికి తొంగిచూశాడు. నా స్వెట్టర్‌లోంచి తోక, దాని ముందు విజ్జి తల, గాలి నిండా తెల్లటి పిండి. ఏం అడగాలో తెలీక, బండి చెడిందా అని బెంగాలీలో అడిగాడు. బండి కాదు దాదా, డ్రైవరే, అంది విజ్జి తలెత్తకుండా. ఆయన వెళ్లిపోయాడు. నన్ను ఆట పట్టించిందంటే కోపం కాస్త తగ్గిందన్నమాటే అనుకున్నాను. వెంటనే, శేఖర్ గారు ఇలా దువ్వడం చూస్తే మెచ్చుకుంటారంది. ఆశ అక్కడికక్కడే చల్లారిపోయింది.

మంగళవారం సముద్రం మీద ఏదో లేచిందని ముసురు పట్టింది. డిసెంబరులో వాన మా ఊళ్లో చుట్టం లాంటిది, ఎందుకొచ్చిందో చెప్పదు. ఆటోకి రెండు పక్కలా టార్పాలిన్ దించాను. లోపల చీకటి, ఇంజను చప్పుడు, పైన రేకు మీద చినుకులు. చెమ్మకి బొచ్చు మళ్లీ ముద్ద కడుతుందేమోనని విజ్జి కంగారు. అందుకని నా మఫ్లర్ కూడా వాడి చుట్టూ చుట్టింది.

"చలేస్తందా?" అని అడిగింది.

"లేదు," అన్నాను.

"నిన్ను కాదు."

పొట్ట కింద చివరి పెద్ద ఉండ విడదీస్తూ విజ్జి మామూలుగా, ఏదో ధర అడిగినట్టు అడిగింది.

"వట్టి నీళ్లయితే ఇంత జిడ్డుండదు. ఏ నూనె పోసినావు జీవా?"

నేను సిద్ధంగా లేను. మామ్మ ఇంట్లో నూనె పేరు చెబితే మామ్మ దొరికిపోతుంది. ఊరంతా వాడే నూనె చెప్పాను.

"ఆవనూనె."

దువ్వెన ఆగింది. విజ్జి వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నా ముఖంలోకి చూసింది. ఆ చీకట్లో ఆమె కళ్లు మాత్రం కనపడ్డాయి, వాటిలో ఏముందో కనపడలేదు.

"చెంబుతోనా, బకెట్టుతోనా?"

"చెంబుతో."

"తుడిసినావా?"

"తుడవనేదు. కుళ్లుతో పోసేవోడు తుడుస్తాడేటి?"

గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు చిన్న శబ్దం చేసి మళ్లీ తల వంచింది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి కూడా. ఇంత దుర్మార్గుణ్ణా నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును అనుకుని ఉంటుందని, నోరు మూసుకుని వాన చప్పుడు విన్నాను.

ఆ మర్నాడు ముల్తానీ మట్టి పళ్లెంలో పోసి నవాబ్‌ని వదిలాం. గిర్రున తిరిగాడు, పొర్లాడు, పొగ లేపాడు. విదిలించుకుని నిలబడేసరికి పొగమంచు మళ్లీ వచ్చింది, పక్కటెముక దగ్గర రూపాయి బిళ్లంత తప్ప. విజ్జి చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. పని అయిపోయింది. రేపు గురువారం. ఆ తరవాత నా మొకం సూడకు అన్న మాట ఆమె వెనక్కి తీసుకోలేదు.

గురువారం మధ్యాహ్నం ఖిదిర్‌పూర్ కూడలి దగ్గర చెయ్యెత్తి బండి ఆపింది ఎవరనుకున్నారు. సోమశేఖర్. వాళ్లమ్మనీ పెట్టెల్నీ వెనక ఎక్కించి, తను నా పక్కన కూర్చున్నాడు. స్టాండులో ఇన్ని బండ్లుండగా దేవుడు నా బండే చూపించాడు.

"నవాబ్ మంచిగున్నడా, భాయ్?" అన్నాడు.

బాగున్నాడన్నాను. దారి పొడుగునా తన చెల్లెలి పెళ్లి సంగతులు చెప్పాడు, మా అమ్మ ఆరోగ్యం అడిగాడు. అంత మంచివాడు పక్కన కూర్చుంటే బ్రేకు కూడా కసిగా వేయలేం.

వాళ్లమ్మ మంగాదేవి గారు నిండైన మనిషి. ఇంట్లోకి వస్తూనే అచ్చమ్మని పెద్దమ్మా అని పిలిచింది, మిఠాయి డబ్బా చేతిలో పెట్టింది. పెట్టెలు దింపి వెళ్లిపోదామనుకున్నాను. సోమశేఖర్ బోను తెరుస్తుంటే కాళ్లు కదల్లేదు.

అతను నవాబ్‌ని అరచేతిలో కూర్చోబెట్టి మురిసిపోయాడు. ఎవరో బాగా దువ్వినట్టున్నారే అన్నాడు. అంతలో వేలు పక్కటెముక దగ్గర ఆగింది.

"ఇక్కడ బొచ్చేది? బాగా భయపడితేనే గిట్ల ఊడుతది. ఏమైంది వీనికి?"

కొత్త సున్నం వాసన, గోడ మీద కాగితం నక్షత్రం తిరగడం తప్ప ఏమీ లేదు.

"నానే," అన్నాను. "నాను నీళ్లు పోసినాను."

"అది నా సేతిలో ఊడింది," అంది విజ్జి అదే క్షణంలో.

అచ్చమ్మ మిఠాయి డబ్బా కింద పెట్టింది. "ఊరుకోండ్రా," అంది. "ముసిల్దాన్ని నరకానికి పంపేత్తారేటి, పండగ పూట." ఆపైన అంతా చెప్పేసింది. డబ్బాలో పొడి, గిన్నెలు, నూనె, కుంకుడు, ఆ జంతువు కిక్కురుమనకపోవడం, అల్లుడు గారి జంతువని తను పడ్డ తాపత్రయం, ఏదీ దాచలేదు. "ఈడు నోరెత్తితే ఒట్టు. నా తప్పు నెత్తిన పెట్టుకుని ఊరేగినాడు."

మంగాదేవి గారు మొదట తెల్లబోయింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి కుర్చీ పట్టుకుంది. "తలంటు పోసినవా పెద్దమ్మా? మా శేఖర్‌గానికి నేనే పోద్దామంటే బాత్‌రూంల గడియ పెట్టుకుంటడు." కళ్లు తుడుచుకుని, విజ్జి వైపు తిరిగి, ఆ నవ్వులోనే అసలు మాట అడిగేసింది. "నేను వచ్చిందే పిల్లను అడుగుదామని. ఇంత మంచి ఇల్లుంటదని అనుకోలె. మా వానికి ఇస్తరా?"

నా పరిస్థితి చూడండి. నేను మోసిన నింద పోయింది, దాంతో పాటే సంబంధం కుదిరింది. ఆ నువ్వులనూనె బొచ్చుకి అంటుకున్న దానికంటే గట్టిగా ఈ రెండు కుటుంబాల్నీ అతికించింది. గుమ్మం వైపు తిరిగాను. తాళం చెవి జేబులో గలగలలాడింది.

ఆ చప్పుడుకి నవాబ్ చెవులు లేపాడు. సోమశేఖర్ అరచేతిలోంచి ఒక్క గెంతు. నా చేతి మీద, భుజం మీద, అక్కడి నుంచి స్వెట్టర్ గుండీల మధ్యకి. లోపల ఒకసారి గుండ్రంగా తిరిగి, ముక్కు ఒక్కటే బయటపెట్టి కళ్లు మూసుకున్నాడు.

సోమశేఖర్ ఖాళీ అరచెయ్యి అలాగే చాపి నిలబడ్డాడు. నా స్వెట్టర్ వంక చూశాడు, నా వంక చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. వానలు మొదలైన దగ్గర నుంచీ రోజూ అద్దంలో చూసుకుంటున్నదే. నా జబ్బు ఇంకొకడి కళ్లలో కనపడటం అదే మొదటిసారి. కడుపు నిండా అన్నం తిన్నట్టుంది.

"అమ్మగారూ," అంది విజ్జి. గొంతు సన్నగానే ఉంది గాని తడబడలేదు. "శేఖర్ గారు శానా మంచోరు. ఆరికి నాకన్నా మంచి పిల్ల వస్తాది. నాను మాత్రం వీడికి ఎప్పుడో ఒప్పేసుకున్నాను. వీడికే ఇంకా తెలీదు."

నాకు నిజంగానే తెలీదు.

"ఎప్పుడే?" అంది అచ్చమ్మ.

"మంగళారం నాడు. ఆవనూనె పోసినానన్నాడు మామ్మా. నాను రోజంతా తలలు దువ్వే మనిషిని, నాకు నువ్వులనూనె వాసన తెలీదేటి? మనింట్లో ఆవనూనె బుడ్డి ఎప్పుడైనా ఉందా? నూనె పేరు కూడా తెలీకుండా నేరం ఒప్పేసుకున్నాడు. నాను నవ్వాపుకోనేక సచ్చాను, వీడేమో ఏడుస్తున్నాననుకుని గడ్డకట్టుకుపోయినాడు."

"మరి సెప్పలేదేటి?" అన్నాను.

"ఎన్నాళ్లు మోస్తావో సూద్దామని."

సోమశేఖర్ పెద్దమనిషి. కాసేపటికి చెయ్యి దించి, నవ్వే ప్రయత్నం చేసి, చాలావరకు నవ్వగలిగాడు. మంచిగైంది భాయ్ అని నా భుజం తట్టాడు. తడుతూనే, మరి నవాబ్‌ని ఇస్తవా అని అడిగాడు. నేను గుండీ విప్పాను. వాడు బయటికి రాలేదు. చివరికి ఇంటి ముందు ఆటో ఇంజను వేసి, సోమశేఖర్‌ని నా స్వెట్టర్ తొడుక్కుని అందులో కూర్చోమనాల్సి వచ్చింది. అప్పటికి గాని నవాబ్ యజమానిని గుర్తుపట్టలేదు.

అచ్చమ్మ నన్ను పైకీ కిందికీ చూసింది. ఇస్త్రీ లేని చొక్కా, ఆపైన బొచ్చు. కంప్యూటర్ అల్లుడు పోయి ఆటో అల్లుడు వచ్చినందుకు ఒక నిట్టూర్పు నిట్టూర్చింది, అది నాకు వినపడాలనే నిట్టూర్చింది.

"ఎల్లుండి శనివారం," అంది. "పొద్దున్నే రా. అల్లుడికి తలంటు పొయ్యకుండా పీటల మీద కూకోపెట్టడం మా ఇంటా వంటా నేదు."

ఆ సాయంత్రం చర్చికి వెళ్లేటప్పుడు విజ్జి ఆటోలో నా పక్క సీట్లో కూర్చుంది. స్టాండు మీదుగా పోతుంటే మొంటూ దా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

శనివారం వెళ్లాను. పెరట్లో పీట వేసి కూర్చోబెట్టి, గిన్నెడు నూనె నడినెత్తిన పెట్టి, ఆ చేతులతోనే అచ్చమ్మ నా పుర్రె ఊడొచ్చేలాగ మర్దనా చేసింది. కుంకుడు రసం కళ్లలోకి వచ్చింది. కేక పెట్టాను. సందులో కిటికీలు తెరుచుకున్నాయి.

పేలదువ్వెన పట్టుకుని తలుపు వెనక నిలబడ్డ విజ్జి అంది, "ఎందుకలా గోల? నవాబ్ కిక్కురుమనలేదు."

పెళ్లయి ఇన్నేళ్లయింది. సోమశేఖర్ ఎప్పుడో ఊరు వెళ్లిపోయాడు. నవాబ్ కూడా వెళ్లిపోయాడు. ప్రతి శనివారం నా నెత్తిన నూనె పడ్డప్పుడల్లా ఆ మాట మాత్రం వస్తూనే ఉంది. మనిషితో పోలిస్తే ఎలాగో ఓర్చుకోవచ్చు. ఎలుకతోనా?